పంజాగుట్ట అక్క గొంతు

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్‌లో నేను వంట చేస్తాను. మూడో అంతస్తులో ఉండే కాకినాడ అమ్మాయి ఒకతె, మధ్యాహ్నాలు వంటింటి గట్టు మీద కూర్చొని నాకు అక్షరాలు నేర్పింది. ఆమె ముందు పలికేది, వెనక నేను పలికేదాన్ని. అట్లా ఆ గొంతు నా చెవిలో నిలిచిపోయింది. కళ్లు మూసుకున్నా పట్టేస్తాను.

అందుకే ఆ రోజు టీ గ్లాసుతో ఆమె గది బయటే ఆగిపోయాను. లోపల పెద్ద కంపెనీ వాళ్ల ఇంటర్వ్యూ, ల్యాప్‌టాప్‌లో. ఇంగ్లీషులో గడగడా జవాబులు చెబుతున్న గొంతు ఆమెది కాదు. తలుపు సందులోంచి చూశాను. పెదవులు ఆమెవే కదులుతున్నాయి. మాట మాత్రం ల్యాప్‌టాప్ వెనక నిలబెట్టిన ఫోన్‌లోంచి వస్తోంది. కాస్త బొంగురు గొంతు. జవాబుకు ముందు చిన్న దగ్గు. ఫోన్ దగ్గినప్పుడల్లా ఈ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

తర్వాత అడిగితే దాచలేదు.

"పంజాగుట్టలో ఒక అక్క ఉన్నారు ఆంటీ. ఈ వీధిలో చాలామందికి ఆవిడే మాట్లాడతారు. భయంతో నాకు నోరు పెగలదు, ఎన్నిసార్లని ఫెయిలవ్వను?"

"కొలువుల చేరినంక నీ గొంతు వింటరు గద బిడ్డా?"

"జలుబు చేసిందంటాను."

ఉద్యోగం వచ్చింది. మెడకు చున్నీ చుట్టుకొని, హాస్టల్ గదిలోంచే మీటింగుల్లో గుసగుసగా మాట్లాడేది. పని మాత్రం నిజంగానే నేర్చుకుంది. అన్నం తింటూ కూడా కంప్యూటర్ వదిలేది కాదు. మెల్లగా చున్నీ తీసేసింది. కానీ ఆమెను ఇంటర్వ్యూ చేసిన మేనేజరు లైన్‌లోకి వస్తే చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయేది.

ఈ ఎండాకాలం ఒక పొద్దున వంటింట్లోకి వచ్చింది.

"కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చెయ్యడానికి సార్ నన్ను కూడా కూర్చోమన్నారు ఆంటీ."

"ఇగ నువ్వే అడిగేదానివైనవ్! మస్తుగుంది."

ఆమె నవ్వలేదు.

ఆ రోజు టీ ఇవ్వడానికి పోతే ల్యాప్‌టాప్‌లో ఒక మూల మేనేజరు, ఇంకో మూల ఎవరో కొత్త పిల్ల. చిన్న దగ్గు వినిపించింది. కొత్త పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత అదే బొంగురు గొంతు.

మా అమ్మాయి తన మైకు ఆపేసి, తల తిప్పకుండా అడిగింది. "ఆంటీ, విన్నారా?"

"విన్న. సారు సుత గుర్తువడ్తడా?"

మేనేజరు కళ్లు మూసుకొని వింటున్నాడు. కొత్త పిల్లతో ఇంకోసారి చెప్పించాడు. తర్వాత ఈ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏమంటుండు?"

"ఇదే ప్రశ్న అప్పుడు నన్నూ అడిగారట. ఇప్పుడు నన్ను చెప్పమంటున్నారు."

మైకు మళ్లీ ఆన్ చేసి చెప్పింది. ఈసారి గొంతు ఆమెదే. ఎక్కడా తడబడలేదు, ఒక్క దగ్గు లేదు. అంత బాగా ఆమె ఇంగ్లీషు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చివరిదాకా మేనేజరు కళ్లు తెరవలేదు.

మర్నాడు ఆఫీసుకు రమ్మని మెసేజ్ వచ్చింది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ కూడా వెంట తెమ్మన్నారట. బయట ఎండ మండిపోతోంది. అద్దం ముందు నిలబడి ఆమె మెడకు చున్నీ చుట్టుకుంటోంది.