వీపు మీది పేరు

తప్పు చేయనివాడు ఎవడూ ఉండడు. కానీ సౌదీ దమ్మామ్‌లోని తెలుగువాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, మైకు పెట్టించి, పూలదండ తెప్పించి, బిర్యానీ వండించి మరీ తప్పు చేసినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఇప్పటికీ సెలవులో ఊరికొచ్చినప్పుడు మెట్‌పల్లి బస్టాండులో ఎవరైనా వెనకనుంచి “ఏం రాజేశం, నీ ఫుట్‌బాలాయన బాగున్నడా?” అంటే, నేను వినపడనట్టు అరటిపళ్ల బండి వైపు నడుస్తాను. పళ్లు కొనే ఉద్దేశం ఉండదు. ఆ ఘనకార్యమేదో నా నోటితోనే చెప్పేస్తే మీరు ఒక్కసారి నవ్వి ఊరుకుంటారని ఆశ.

అప్పుడు నేను దమ్మామ్‌లో ఒక కాంపౌండ్‌కు బస్సు డ్రైవర్‌ను. కాంపౌండ్ అంటే చుట్టూ గోడ, ముందు గేటు, లోపల తెల్లవాళ్ల ఇళ్లు. పొద్దున వాళ్లను ఆఫీసులకూ పోర్టుకూ చేర్చడం, సాయంత్రం తెచ్చి దించడం నా పని. పని బాగానే ఉంది, బాగాలేనిది మా కంపెనీ రంగు. నవ్వకండి, నితాఖత్ వచ్చాక అక్కడ ప్రతి కంపెనీకీ ఒక రంగు. సౌదీవాళ్లను సరిపడా పనిలో పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. మా కంపెనీ పండు మిరపకాయలా ఎర్రబడి కూర్చుంది. ఎరుపు కంపెనీ వాళ్లకు ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. ఇకామా లేకపోతే అక్కడ మనిషి లేనట్టే. నాది అయిపోవడానికి ఎక్కువ రోజుల్లేవు. ఈలోగా ఏదైనా పచ్చ కంపెనీ నన్ను తన పేరు మీదికి మార్చుకోవాలి. లేదంటే పెట్టె సర్దుకోవాలి.

ఆ పచ్చ కంపెనీ మా రావు సార్ చేతిలో ఉంది. ఆయన ఒక పెద్ద గోదాముల కంపెనీలో మేనేజరు, మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. మనిషి మంచివాడే గానీ, ఎవరికైనా శాలువా కప్పకుండా నెల గడిస్తే ఆయనకు ఒంట్లో నలతగా ఉంటుంది. ఒక శుక్రవారం మీటింగులో ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

“పక్కూరి సంఘపోల్లు, జుబైలోల్లు, హైద్రబాద్ కెళ్లి కామెడీ యాక్టర్‌ను పట్టుకొచ్చిండ్రు. మనం ఏం జేసినం? క్యారమ్స్ పోటీ పెట్టినం” అన్నాడు. “ఇక్కడి క్లబ్బుల ఇంగ్లండ్ ప్లేయర్ ఒకాయన ఉన్నడట. మిడ్‌ఫీల్డర్. పేరు డన్‌స్టర్. గాయనకు సన్మానం జేస్తే జుబైలోల్లకు నిద్రపట్టది. కానీ మనకెట్ల దొరుకుతడు?”

నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

“డన్‌స్టరా? ఆయన రోజు నా బస్సులనే వోతడు సార్.”

హాలంతా నా వైపు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది నన్ను అంత మర్యాదగా చూడడం అదే మొదలు.

“నీ బస్సులనా? ప్లేయర్‌కు కారుండదా?”

“సాదాసీదా మనిషి సార్. పొద్దుగాల ఉరుకుతడు, తానం జేస్తడు, బస్సెక్కుతడు.”

“నిజంగ తెస్తవా?”

“తెస్త సార్. మరి నా నఖల్ కఫాలా సంగతి...” అని నసిగాను. కంపెనీ మారడానికి అక్కడ అందరూ వాడే మాట అది.

“నువ్వు ఆయనను ఫంక్షన్‌కు తే. నేను నిన్ను మా గోదాముకు తెస్త” అన్నాడు రావు సార్ అందరి ముందు.

నేను అబద్ధమాడానని మీరు అనుకుంటున్నారు. కాదు. మా కాంపౌండ్‌లో ఒక ఇంగ్లండ్ మనిషి రోజూ తెల్లవారగానే నీలం జెర్సీ తొడుక్కుని గోడ చుట్టూ పరుగెత్తేవాడు. జెర్సీ వెనక పెద్ద ఎనిమిదో నంబరు, దాని పైన అంత పెద్ద అక్షరాలతో డన్‌స్టర్ అని పేరు. నేను కూడబలుక్కుని చదివాను. ఇంకేం రుజువు కావాలి? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కాదు, వీపు మీద పేరు కూడా ఉంది.

ఆ రాత్రి గదిలో పోచన్న నన్ను పట్టుకున్నాడు. పోర్టులో పనిచేస్తాడు, నాకంటే పెద్దవాడు, దేన్నీ ఒక పట్టాన నమ్మడు.

“తమ్మీ, నీకు ఫుట్‌బాల్ల ఏమెరుక?”

“బంతిని కాలుతోని తంతరు.”

“మిడ్‌ఫీల్డర్ అంటే?”

“నడిమిట్ల ఉంటడు.”

“నడిమిట్ల ఉండి ఏం జేస్తడు?”

“అదంత ఆయన చూసుకుంటడు గానీ నువ్వు పండుకో.”

మర్నాడు పరుగు ముగించి చెమట తుడుచుకుంటున్న మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా ఇంగ్లిషు నా బస్సు లాంటిది, ఆగి ఆగి వెళ్తుంది. “సార్, ఫ్రైడే, ఫంక్షన్, ఫర్ యూ” అన్నాను.

ఆయన టవలు ఆపేశాడు. “నా కోసమా?”

“యెస్ సార్. ఆల్ తెలుగు పీపుల్.”

“మీకెలా తెలిసింది? నేనెవరికీ చెప్పలేదే.”

“ఆల్ దమ్మామ్ నో, సార్.”

ఆయన కళ్లు తడిశాయి. ఎంత వినయం, ఎంత పెద్ద ఆటగాడు అనుకుని నా కళ్లూ తడిశాయి. జెర్సీ వేసుకునే రమ్మని బతిమాలాను. మిగతా బట్టలన్నీ పెట్టెలో సర్దేశాను, ఎలాగూ ఇదే మిగిలింది అన్నాడాయన నవ్వుతూ. బట్టలెందుకు సర్దాడని బుర్ర ఉన్నవాడు అడుగుతాడు. నేను మాత్రం థాంక్యూ సార్ అన్నాను.

ఆట తెలియదు, ఆటగాడు తెలియదు, సన్మానం మాత్రం శుక్రవారం. ఊరి బయట ఇస్తిరాహా అద్దెకు తీసుకున్నారు. ఇస్తిరాహా అంటే ఒక గడ్డి మైదానం, ఒక హాలు, ఒక వంటపాక ఉన్న తోట. వెనక పెద్ద బ్యానరు కట్టారు. దమ్మామ్ ఆసుపత్రిలో నర్సుగా చేసే గ్రేస్ సిస్టర్ మైకు దగ్గర నిలబడింది. నరసాపురం దగ్గర ఆమెది. ఇంగ్లిషు, తెలుగు రెండూ అంత చక్కగా మాట్లాడేవాళ్లు మాలో లేరు. రావు సార్ నెట్‌లో ఏరి తెచ్చిన ముప్పై నాలుగేళ్ల ఆటగాడి చరిత్రను ఆమె సన్మాన పత్రంగా రాసింది.

నేను అతిథిని బస్సులోంచి దించగానే పోచన్న నా చెవి దగ్గర చేరాడు.

“గీయనకు ముప్పై నాలుగేండ్లా?”

“గుండు మీద వయసేం తెలుస్తదే?”

“గడ్డం తెల్లగున్నది.”

“మంచు దేశం. గట్లనే ఉంటది.”

రావు సార్ కూడా ఒక్క క్షణం నా వైపు చూశాడు. కానీ అప్పటికే ఆయన బావమరిది, పేపరుకు గల్ఫ్ వార్తలు పంపేవాడు, ఫోన్‌లో ఫొటోలు తీస్తున్నాడు. ఫొటోలో ఉన్నప్పుడు రావు సార్ దేన్నీ అనుమానించడు. దండ పడింది, శాలువా పడింది, చప్పట్లు పడ్డాయి. గ్రేస్ సిస్టర్ పత్రం అందుకుంది.

“మైదాన మధ్య భాగాన్ని ఏలిన ఓ మహారథీ, డన్‌స్టర్ మహాశయా! చిన్న మిల్లుల ఊళ్లో పుట్టి, మీసం మొలవకముందే ఊరి జట్టులో చేరి, మోకాలికి రెండుసార్లు కోతలు పడినా బంతిని విడువని ధీరా! మీ జట్టు కింది మెట్టుకు జారినప్పుడు అందరూ విడిచిపోగా, విడువక నిలిచిన విశ్వాసీ! దేశం తరఫున ఒక్కసారే, అదీ ఆట ముగిసే వేళకు దిగినా...”

డన్‌స్టర్ అన్న పేరు వినపడ్డప్పుడల్లా అతిథి లేచి గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు.

“ఏం మనిషే ఇది, తన పేరుకు తనే చప్పట్లు గొట్టుకుంటున్నడు” అన్నాడు పోచన్న.

“ఇంగ్లండ్ పద్ధతి గదే ఉంటది” అన్నాను. నాకూ లోపల ఎక్కడో బస్సు గేరు సరిగా పడనట్టు అనిపిస్తోంది.

అంతటితో ఆగితే బాగుండేది. రావు సార్‌కు ఒక్క తన్ను కావాల్సి వచ్చింది. గడ్డి మీద కొత్త బంతి పెట్టించి, “సార్, వన్ కిక్ ప్లీజ్” అన్నాడు. బావమరిది వీడియో ఆన్ చేశాడు. అతిథి మొహమాటపడ్డాడు, వద్దన్నాడు, మేం ఒప్పుకోలేదు. ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి, ఒక్క తన్ను తన్నాడు. బంతి ఉన్నచోటే ఉంది. బూటు మాత్రం లేచి, బ్యానరు మీదుగా వెళ్లి, పెరుగు చట్నీ గిన్నెలో పడింది.

ఆయన ఒంటి కాలి మీద నిలబడి పడీపడీ నవ్వాడు. “నేను జన్మలో బంతి తన్నలేదు. చూడడమే నాకు తెలుసు” అన్నాడు ఇంగ్లిషులో. గ్రేస్ సిస్టర్ అలవాటుకొద్దీ మైకులో తెలుగు చేసేసింది. చేసేశాక చేతిలోని సన్మాన పత్రం వైపు చూసుకుంది.

“యూ ఆర్ డన్‌స్టర్, నో?” అన్నాడు రావు సార్.

“నేనా? నేను కొలిన్. పోర్టులో క్రేన్లు తనిఖీ చేస్తాను. డన్‌స్టర్ మా ఊరి కుర్రవాడు, అందుకే ఈ జెర్సీ కొనుక్కున్నాను. ఆయన వెళ్లిపోయి నెల దాటింది. క్లబ్బు ఇక వద్దంది.”

ఆమె అదీ తెలుగు చేసింది. నేను పిలవబోయింది దేశంలోనే లేని మనిషినని అప్పుడు అర్థమైంది.

“రాజేశం” అన్నాడు రావు సార్ మెల్లగా. ఆ మెల్లదనంలో నా ఇకామా కొట్టుకుపోవడం నాకు కనిపించింది.

“వీపు మీద పేరుంది గద సార్.”

“పేరుంటే?”

“మన కవరాల్ మీద ఎవరి పేరుంటది సార్? ఎవరిది వాళ్లదే గద. ఇంకోని కవరాల్ ఏస్కుంటే ఫోర్‌మెన్ ఊకుంటడా?”

కంపెనీ ఇచ్చే ఆ పనిబట్ట తొడగనివాళ్లు అక్కడ పదిమంది కూడా లేరు. వెనక వరసల్లో గుసగుస మొదలైంది. “నిజమే గద.” “నా దాని మీద నా పేరే ఉంటది.” ఇంకెవరో గట్టిగానే అన్నారు, “పైసలు వెట్టి ఇంకోని పేరు ఎవడన్న ఏస్కుంటడా?”

కొలిన్‌కు సంగతి మెల్లగా అర్థమైంది. మొహం ఎర్రబడింది. శాలువా తీసి, మడతలు సరిచేసి, గ్రేస్ సిస్టర్‌కు అందించబోయాడు. మళ్లీ తనే ఆగి, “నేను మంగళవారం వెళ్లిపోతున్నాను, ఫైనల్ ఎగ్జిట్. ఇది నేనే తీసుకెళ్లి ఆయనకు ఇస్తాను” అన్నాడు. ఆమె ఏదో అడిగింది. ఆయన నేల చూస్తూ చెప్పాడు. ఈసారి ఆమె వెంటనే తెలుగు చేయలేకపోయింది. మైకు దించి మళ్లీ ఎత్తింది.

“అన్నయ్యలూ, ఈయన ఇక్కడికి వచ్చినప్పుడు తలనిండా జుట్టుండేదంటండీ. విదేశీ పనివాళ్ల మీద వేసే లెవీలు కట్టలేక కంపెనీ ఇక్కడి ఆఫీసు మూసేస్తోందంట. వెళ్లిపోతున్నానని ఎవరికీ చెప్పలేదంట. రాజేశం గారు పిలిస్తే, మనమంతా ఈయన్ని సాగనంపడానికే కూడామని అనుకున్నారంట.”

మళ్లీ రాకుండా పంపేసే ఆ ఎగ్జిట్ అన్న మాటకు అక్కడ ఎవరికీ తెలుగు అక్కర్లేదు. సగం మంది జేబుల్లో ఆ మాట రేపో మాపో పడడానికి సిద్ధంగా ఉంది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ దుఃఖమొచ్చింది. ఆ పొద్దున ఆయన కళ్లు ఎందుకు తడిశాయో అప్పుడు తెలిసింది.

ముందు లేచింది పోచన్న. దేన్నీ నమ్మని పోచన్న. నేరుగా వెళ్లి శాలువా లాక్కుని, మళ్లీ కొలిన్ భుజాల మీద కప్పాడు.

“క్రేన్ కింద నిలవడి పని జేసేది నేను. ఇన్నేండ్లల్ల నా నెత్తి మీద ఒక్క బోల్టు వడలే. గీయనకు గాకపోతే ఇంకెవలికి కప్పుతం? చెల్లె, ఇంగిలీషుల చెప్పు.”

“చెప్తానన్నయ్యా. కప్పిన శాలువా వెనక్కి తీసుకునే అలవాటు మాకు లేదని కూడా చెప్తాను” అంది గ్రేస్ సిస్టర్.

తర్వాత కొలిన్ ఒంటి బూటుతోనే మైకు పట్టుకుని డన్‌స్టర్ గురించి చెప్పాడు. మిడ్‌ఫీల్డర్ అంటే అందరికంటే ఎక్కువ పరుగెత్తేవాడట. బంతి తెచ్చి పక్కవాడికి ఇస్తాడట, గోలు కొట్టినవాడి పేరే అందరికీ గుర్తుంటుందట. కూలిపని చేసే మా వాళ్లంతా తలూపారు. ఫుట్‌బాల్ మాకు అంత త్వరగా అర్థమవుతుందని ఎవరూ అనుకోలేదు. భోజనాల్లో పెరుగు చట్నీ మాత్రం మిగిలిపోయింది.

మంగళవారం నేనే ఆయన్ను ఎయిర్‌పోర్టుకు దించాను. అంత ఎండలోనూ శాలువా కప్పుకునే ఉన్నాడు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తిరిగి వస్తూ, ఇక నా వంతే అనుకున్నాను.

సాయంత్రం రావు సార్ ఫోన్ చేశాడు.

“పేపర్ చూసినవా?”

చూడలేదన్నాను.

“మా బామ్మర్ది వార్త ముందుగాలనే రాసి పెట్టుకున్నడు. కిక్కు కాకముందే ఫొటో ఎక్కిచ్చి పంపిండు. ‘దమ్మామ్‌లో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్‌కు ఘన సన్మానం’ అని రంగులల్ల అచ్చయింది. జుబైలోల్లు ఫోన్ చేసి మెచ్చుకున్నరు.”

“మరి చెప్పిండ్రా సార్, ఆయన గాదని?”

రావు సార్ మాట మార్చాడు.

“రాజేశం, నీకు ఫుట్‌బాల్ గురించి ఏమెరుక?”

“ఏం ఎరుక లేదు సార్.”

“గట్లనే ఉండు. రేపు పొద్దుగాల పాస్‌పోర్టు, ఇకామా కాపీలు పట్టుకొని గోదాముకు రా.”

అలా నేను పచ్చబడ్డాను. చేరిన రోజు స్టోరులో కొత్త కవరాల్ అడిగాను. కొత్తవి రావడానికి టైముందని, ఉతికిన పాతది ఒకటి చేతిలో పెట్టారు. వెనక పెద్ద అక్షరాలతో షరీఫ్ అని ఉంది. ఆయనెవరని అడిగితే, “ఎగ్జిట్ వోయిండు” అన్నారు. కొత్తది వచ్చాక కూడా ఆ గోదాములో నేను షరీఫ్ భాయ్‌నే. పిలిస్తే పలికాను, సలాం చేస్తే సలాం చేశాను. ఒక పాకిస్తానీ డ్రైవరు భాబీ, అంటే షరీఫ్ భార్య, ఎలా ఉందని అడిగితే బాగుందనీ చెప్పాను.

కాబట్టి, నా ఎనిమిదో నంబరు అజ్ఞానం సాక్షిగా, పెరుగు చట్నీలో మునిగిన బూటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మనిషి వీపు చదివి పేరు నమ్మను. ముందుకు వెళ్లి, మొహం చూసి, నువ్వెవరయ్యా, ఎప్పుడు పోతున్నావని అడిగాకే శాలువా కొంటాను. ఇట్లు, మెట్‌పల్లి రాజేశం, దమ్మామ్ గోదాములో ఇప్పటికీ షరీఫ్ భాయ్.