ఎడమకాలికి పని లేని కారు

మా నాయన రెండు పిక్కలూ ఒకే కొలతలో ఉండేవి కావు. కుడిది మామూలు రైతు కాలు. ఎడమ పిక్క మాత్రం బిగిసి, దుంగలా ఉండేది. పద్దెనిమిదేళ్లు క్లచ్ తొక్కితే కాలు అట్లా తయారవుతుందని పంచె పైకెత్తి మరీ చూపించేవాడు. "మీ తాతకు మడక పట్టి దున్ని చేతులు కాయలు కాసినాయి, నాకు క్లచ్చి తొక్కి కాలు కాసింది" అనేవాడు.

వై.ఎన్.హొసకోటకు అరగంట నడకలో మాకు ఎనిమిది ఎకరాల మెట్ట ఉంది. వేరుశనగకాయ తప్ప వేరే పంట ఎరగని నేల. ఎనభైల మొదట్లో వానలు వరసగా ఎగ్గొట్టి, వేసిన విత్తనాలు కూడా వెనక్కి రాని కాలంలో, నాయన హొసకోటలో కాయల మిల్లు సావుకారు దగ్గర డ్రైవరుగా చేరాడు. అది తెల్లటి గుండ్రటి పాత కారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. నాయన గేరు మారిస్తే వెనక కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. "మావాడు తోలితే ఒళ్లో చెంబు పెట్టుకున్నా నీళ్లు తొణకవు" అని సావుకారు పావగడ సంతలో కూడా చెప్పుకునేవాడట.

చలికాలం పొద్దున్నే ఆ కారు మొరాయించేది. అప్పుడు మిల్లు హమాలీలంతా వచ్చి వెనక చేతులు ఆనించేవాళ్లు. నాయన రెండో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి పట్టి, కారు వేగం అందుకున్నాక కాలు చటుక్కున వదిలేవాడు. కారు ఒక్క దగ్గు దగ్గి లేచేది. హమాలీలు ఈలలు వేసేవాళ్లు. "తోసేటోళ్లు పదిమంది ఉండొచ్చుమ్మే, కాలు తీసేటోడు ఒకడే" అని నాతో అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం, మంచి పంట పండిన ఏడు కల్లంలో నిలబడిన రైతు ముఖంలా ఉండేది.

నేను తుమకూరులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతుండగా ఆయన ఎడమ మోకాలు వాచింది. పావగడ డాక్టరు నొక్కి చూసి, ఎడమకాలికి ఇంక పని చెప్పొద్దన్నాడు. నాయన మందులు తెచ్చుకున్నాడు గాని మాట వినలేదు. గేరు మార్చినప్పుడల్లా కారు కుదపడం మొదలైంది. సావుకారు రెండు నెలలు ఓర్చుకుని, ఒకరోజు వెనక సీట్లోంచే చెప్పాడట. "ఏమప్పా, ఎద్దులబండి ఎక్కినట్టుండాది. ఈ కాయల సీజను దాకా చూస్తా. ఆమీట ఇంకో మనిషిని చూసుకుంటా, తప్పుగా అనుకోవద్దు." ఇది మా అమ్మ కార్డు రాయించి నాకు తెలిపింది. నాయనకు ఆ స్టీరింగు పోతే, మళ్లీ ఆ ఎనిమిది ఎకరాలూ ఆ ఆకాశమూ తప్ప ఇంకేమీ లేదు. వంగని మోకాలితో సేద్యం కూడా కాదు.

ఇంతలో నా పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చాయి. ఫస్టు క్లాసు! మా వంశంలో పదో తరగతి దాటినవాళ్లే లేరు. బస్సులో నేను కూర్చోలేదు, నిలబడే వచ్చాను. కండక్టరుకు చెప్పాను, మధుగిరిలో ఎక్కిన పూలమ్మే ఆమెకు చెప్పాను, వాళ్లు అడక్కుండానే చెప్పాను. దాంతోబాటు నా దగ్గర ఇంకో వార్త కూడా ఉంది. మా కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రికలో చూశాను: క్లచ్ లేని కారు. కింద రెండే పెడల్స్. కుడికాలు ఒక్కటి చాలు. గేర్లు వాటంతట అవే పడతాయి. విదేశాల్లో గేర్లు మార్చే కార్లు తగ్గిపోతున్నాయని కూడా రాశారు. ఆ పేజీ చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన: ఇది మా నాయన కోసమే పుట్టింది.

ఇంటికి కూడా పోకుండా నేరుగా మిల్లుకు పోయాను. నాయన కారు తుడుస్తున్నాడు.

"నాయినా, పాసైనా! ఫస్టు క్లాసు!"

ఆయన గుడ్డ భుజాన వేసుకుని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. వెనక తలుపు తెరిచాడు. "ఎక్కు. డిగ్రీ పాసైనోళ్లు ముందర కూర్చోకూడదు." అని, నన్ను సావుకారు సీట్లో కూర్చోబెట్టి, ఆరబోసిన కాయల రాశుల మధ్య మిల్లు ఆవరణంతా ఒక చుట్టు తిప్పాడు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆయన నొప్పికి పళ్లు బిగబట్టడం అద్దంలో నాకు కనిపించింది. ఇంక ఆగలేకపోయాను. రెండో వార్త చెప్పేశాను.

"గేరు లేని కారా? ఎద్దులు లేని మడక మాదిరి చెప్తుండావే."

"నిజం నాయినా, బొమ్మ చూసినా. ఎడమకాలికి పనే లేదు!"

నాయన కారు ఆపి, దిగి మళ్లీ తుడవడం మొదలుపెట్టేసరికి సావుకారు తూకం దగ్గర నుంచి వచ్చి నిలబడ్డాడు. "ఏంది పాపా, ఏమో కారంటుండావు?" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి! చదివిందంతా చెప్పాను. చదవనిది కూడా కొంత కలిపాను. బెంగళూరులో అట్లాంటివి ఒకటో రెండో తిరుగుతున్నాయన్నాను. ఆయన కళ్లు మెరిశాయి.

"అట్లయితే బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మా కోడలు కూడా తోలొచ్చునా?"

"చిన్నపిల్లోళ్లు కూడా తోలొచ్చు సావుకారా!"

నాయన చేతిలో గుడ్డ అద్దం మీద ఆగిపోయింది. ఆ సంగతి నేను చూశాను. చూసి కూడా ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

రెండు నెలలకు కారు వచ్చింది. సింగపూరు నుంచి తిరిగొచ్చిన ఒకాయన ఓడలో తెచ్చుకున్న పాత కారట, బెంగళూరులో దొరికింది. మిల్లు ముందు కొబ్బరికాయ కొట్టారు. తెల్లకారును మధుగిరి వాళ్లెవరో కొనుక్కుపోయారు. అది గేటు దాటేదాకా నాయన చూస్తూ నిలబడి, "ఒకటో గేరు కొంచెం గట్టిగా ఉంటాది, నిదానంగా లాగప్పా" అని కొత్త డ్రైవరుకు అరిచి చెప్పాడు.

కొత్త కారుతోబాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని చదివి చెప్పే పని నాది. కారు ముందు స్టూలు మీద కూర్చుని చదువుతుంటే హమాలీలు చుట్టూ మూగారు. అంత గొప్పగా నేను ఎప్పుడూ కూర్చోలేదు. పి అంటే నిలపడం, ఆర్ అంటే వెనక్కి, ఎన్ అంటే మధ్యలో, డి అంటే ముందుకు. నాయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. డి ని చూసి "గుమ్మడికాయ సగం కోసినట్టుండేది ముందుకు" అని గుర్తు పెట్టుకున్నాడు. సగం పుస్తకం అయ్యాక నాకు విసుగొచ్చింది. చిన్న అక్షరాలు, గళ్లు, హెచ్చరికలు. ఒక్కసారిగా పేజీలు తిప్పేశాను.

"ఆ తిప్పినేటివాట్లో ఏముండాది?" అన్నాడు నాయన.

"అవేం అక్కర్లేదులే నాయినా."

మొదటి రోజు పావగడ దారిలో పోయాం. ముందు నేను, వెనక సావుకారు. కారు వెన్నలా పోతోంది. సావుకారు కిళ్లీ నములుతూ మిల్లు సంగతులు చెబుతున్నాడు. ఎదురుగా గొర్రెల మంద కనిపించింది. నాయన పద్దెనిమిదేళ్లుగా చేసిందే చేశాడు: గేరు తగ్గించడానికి ఎడమకాలితో క్లచ్‌ను అడుగంటా తొక్కాడు. అక్కడ క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకు ఉంది. కారు గోడకు కొట్టుకున్నట్టు నిలబడింది. సావుకారు మూతి ముందు సీటుకు తగిలి, పెదవి చిట్లి, కిళ్లీ రసమూ నెత్తురూ చొక్కా మీద కలిసిపోయాయి.

"ఏందప్పా ఇది!"

"కాలు... కాలు పోయింది సావుకారా. నేను తొక్కలేదు, అదే తొక్కింది."

ఆ మాటకు గొర్రెల కాపరి నవ్వాడు. కానీ నాయన చెప్పింది అబద్ధం కాదు. మర్నాడు మళ్లీ అదే జరిగింది. అటు మర్నాడు కూడా. నొప్పితో పొద్దస్తమానం మూలిగే కాలు, ఆ ఒక్క క్షణం నొప్పి మరిచిపోయి లేచేది. తప్పు చెయ్యకూడదనుకున్న కొద్దీ ఇంకా ముందే లేచేది. చివరికి నాయన తన తువ్వాలుతో ఎడమకాలిని సీటు కింద కడ్డీకి కట్టేసుకున్నాడు. రెండు రోజులు ఏ ఇబ్బందీ లేదు. మూడో రోజు సావుకారు దిగుతూ ముందుకు వంగి చూశాడు.

"కాలు కట్టేసుకున్నోడి ఎనక నేను కూర్చోవల్లనా? ఏదన్నా అడ్డమొస్తే ఎట్ల దిగుతావు, ఎట్ల దూకుతావు?"

"అలవాటైతే విప్పేస్తా సావుకారా. నెల టైమియ్యండి."

"నీ మీద కోపం కాదప్పా. ఎట్లా కోడలు ఇంక ఈడే ఉంటాది. ఆమె తోలుతాది. పాప చెప్పింది కదా, చిన్నపిల్లోళ్లు కూడా తోలొచ్చని."

నాయన వంగి తువ్వాలు ముడి విప్పుకున్నాడు. గట్టిగా బిగిసి ఉంటే నేను సాయం పట్టాను. నిజంగానే ఆ కోడలు రెండు రోజుల్లో నేర్చుకుంది. ఆమె తప్పేమీ లేదు. చాలా బాగా తోలేది కూడా.

ఆ ఏడు వాన విత్తు దాకా పడి, కాయలు పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మానేసింది. చెట్టు పచ్చగా ఉంటుంది, పీకితే కింద ఏమీ ఉండదు. నాయన గట్టు మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. నేను బి.ఎడ్ సీటు కోసం తిరుగుతున్నాను.

సీటు వచ్చింది. మళ్లీ నిలబడే బస్సులో వచ్చాను. ఇంట్లో నాయన లేడు. అమ్మ ముఖం వెలిగిపోతోంది. "మిల్లు నుంచి మనిషొచ్చినాడు! కోడలు దీపాలు ఆర్పకుండా పెట్టేసిందంట, బ్యాటరీ దిగిపోయి కారు స్టార్టు కాలేదంట. మన మెకానిక్కు మూత తెరిచి చూసి మళ్లా మూసినాడంట. మీ నాయిన తోయించి స్టార్టు చేస్తే మళ్లా స్టీరింగు ఆయనదే అన్నాడంట సావుకారు. సంగటి కూడా తినలేదు, కాకీ చొక్కా ఏసుకుని పాయ."

ఆ పుస్తకంలో నేను తిప్పేసిన పేజీలు ఒక్కసారి కళ్ల ముందు ఆడాయి. నిజానికి నేను తిప్పేస్తూ తిప్పేస్తూ ఒక వాక్యం చూశాను. నల్లటి గీతల గడిలో పెద్ద అక్షరాలు: ఈ వాహనాన్ని తోసి స్టార్టు చేయడం సాధ్యం కాదు. అప్పుడు అది నాకు ముఖ్యమనిపించలేదు.

పరుగెత్తాను. నేను పోయేసరికి మిల్లు ముందు పల్లం దారిలో కారు దొర్లుతోంది. పన్నెండుమంది హమాలీలు చొక్కాలు తడిసి తోస్తున్నారు. స్టీరింగు దగ్గర నాయన. "ఇంకొంచెం! తోయండ్రా, తోయండి! ఆ... ఇప్పుడు!" అని కడ్డీని డి లోకి లాగుతున్నాడు. ఏమీ లేదు. దగ్గు కూడా లేదు. కారు ఆగిపోతుంది. మళ్లీ మిట్టకు తోస్తారు, మళ్లీ దింపుతారు. అది ఐదోసారట. ఆయన ఎడమకాలు మాత్రం ప్రతిసారీ గాల్లో లేచి, ఖాళీని తొక్కి, చటుక్కున వదులుతోంది. తెరిచిన తలుపులోంచి నాకు అదే కనిపించింది.

"పదిమంది తోసినా లేవనిది ఏం బండన్నా? మా అత్త కంటే మొండిదుండాది" అన్నాడు ఒక హమాలీ. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. "ఇంగొక్క తూరి. ఇంజను పట్టే చోటు నాకు తెలుస్తాంది" అన్నాడు.

"నాయినా, తోయొద్దు" అన్నాను. "ఇది తోస్తే స్టార్టు కాదు. పుస్తకంలోనే ఉండాది."

అందరూ చేతులు తీసేశారు. సావుకారు అరుగు మీద నుంచి, "పుస్తకం చదివినేది నువ్వే కదా పాపా, మరి ఆ పొద్దే చెప్పకపోతివే?" అన్నాడు.

నాయన కారు దిగి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

"పాప చెప్పింది సావుకారా. ఆ పొద్దే చెప్పింది. నేనే మరిచిపోయినా."

"చెప్పినాక కూడా పన్నెండుమంది నడుములు ఇరగ్గొట్టినావా?" అని సావుకారు లోపలికి పోయాడు. ఇంక ఆయన స్టీరింగు మాట ఎత్తలేదు, నాయన అడగలేదు.

ఇంటిదారి పట్టాం. ఆయన కాలు ఈడ్చుకుంటూ ముందు నడిచాడు, నేను వెనక. మా చేను గట్టు వచ్చినాక అడిగాడు.

"ఏందో కాగితం పట్టుకోనొచ్చినట్టుండావే?"

"బి.ఎడ్ సీటొచ్చింది నాయినా."

కాగితం తీసుకుని, అక్షరాలు రాకపోయినా కింది దాకా చూశాడు. వెనక్కి తిప్పి అటువైపు కూడా చూశాడు. "మంచిది. పిల్లోళ్లకు చెప్పేటప్పుడు అన్ని పేజీలూ చదివి చెప్పుమ్మే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని.

మర్నాడు తుమకూరు నుంచి కొత్త బ్యాటరీ వచ్చిందట. కోడలు తాళం ఒక్కసారి తిప్పితే కారు లేచిందట. మధ్యాహ్నం అది మా చేను పక్క దారిలోనే పావగడ వైపు పోయింది. నాయన గట్టు మీద కూర్చుని కాయలు లేని చెట్లు పీకుతున్నాడు. చప్పుడు విని తల ఎత్తలేదు. దారి మలుపులో పల్లం దగ్గర, గేరు తగ్గించాల్సిన చోట, ఆయన ఎడమ పాదం ఒక్కసారి మట్టిని అదిమి, వదిలింది.