ఇసుక బస్తాలు ఎక్కిన రైలు

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో మా వంతెనల కన్సల్టెన్సీ వాళ్ళు నన్ను డెస్క్ ముందు నుంచి లేపి, నగరం వీధుల మీద ఇనుప స్తంభాలపై సాగే పాత రైలు మార్గం దగ్గరికి పంపారు. హోదా లోడ్ ఇన్‌చార్జ్. అంటే పరీక్ష రైల్లో ఉన్న బరువుకి బాధ్యత నాది. నేను రేడియోలో "క్లియర్" అనేదాకా డ్రైవర్ బండి కదపకూడదు. అప్పటికి మీటింగుల్లో నా పేరు చెప్పడానికే గొంతు సవరించుకునేదాన్ని. ఆ ఉదయం డైరీలో "భయంగా ఉంది, నవ్వొస్తోంది" అని మాత్రం రాసుకుని బయల్దేరాను.

పట్టాల్ని మోసే ఆ ఉక్కు దూలాలు, అంటే గర్డర్లు, కట్టిన కాలంలో రైలు పెట్టెలు తేలిక. ఇప్పటివి బరువు. అందుకని ఒక మలుపు దగ్గర పరిమితి పెట్టారు: పొట్టి రైళ్ళే వెళ్ళాలి, అవీ మనిషి నడిచే వేగంతో. దాంతో మలుపు అవతలి స్టేషన్లలో రోజూ సగం జనం ఎక్కలేక ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోయేవాళ్ళు. గర్డర్లకి మరమ్మతు పూర్తయింది. ఇక పూర్తి పొడవు రైలుని, నిండా జనం ఉన్నంత బరువుతో నడిపి, గర్డర్ ఎంత వంగుతుందో కింద నుంచి కొలవాలి. లెక్కలో వేసినదానికి లోపలే వంగితే పరిమితి ఎత్తేస్తారు.

పరీక్షకి జనాన్ని ఎక్కించరు, తూచిన ఇసుక బస్తాలు ఎక్కిస్తారు. సీట్లలో కొన్ని, నిలబడేవాళ్ళ బదులు నడవలో దొంతరలు. ఎవరో ఒక బస్తాకి హెల్మెట్ కూడా పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ లైన్లో రైలు నడిపిన మా డ్రైవర్ డెనీస్ లోపలికి తొంగిచూసి, "ఒక్కరూ తలుపుకి అడ్డంగా నిలబడలేదు. రోజూ వీళ్ళనే పంపు హనీ," అంది. తర్వాత గొంతు తగ్గించి, వాళ్ళమ్మ మలుపు అవతలే ఉంటుందని, ఇవాళ కుదరకపోతే వచ్చే చలికాలం కూడా ఆవిడకి బస్సే గతి అని చెప్పింది. లైన్ మూయడానికి మాకు అనుమతి ఆ ఒక్క ఆదివారం ఉదయానికే ఉంది.

మా వృత్తిలో ఒక ఆచారముంది. డ్రాయింగుల మీద సంతకం పెట్టినవాళ్ళు మొదటి బండి ఎక్కుతారు, తమ లెక్క మీద తమకి నమ్మకముందని చూపించడానికి. నేను బస్తాలు సరిచూసుకుని ముందు పెట్టెలోకి వచ్చేసరికి సంతకాలవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. చీఫ్ ఇంజనీర్, ఇన్‌స్పెక్టర్లు, ఉక్కు కాంట్రాక్టర్, డోనట్ల డబ్బాతో మా మేనేజర్ శ్రీధర్ గారు. పెళ్ళి బస్సులో పిల్లల్లా ముందు కిటికీ కోసం తోసుకుంటున్నారు. జీవితమంతా బరువులు లెక్కేసిన మనుషులు, తమకీ బరువుంటుందని ఒక్కరికీ తట్టలేదు!

బస్తాలు అప్పటికే పరీక్షకి ఒప్పుకున్న బరువు అంచుదాకా ఉన్నాయి. డెనీస్ బరువు, నా బరువు ముందే కలిపాను. ఇంతమంది అదనంగా, అదీ ముందు చక్రాల మీద నిలబడితే పరీక్ష చెల్లదు.

శ్రీధర్ గారి దగ్గరికెళ్ళి, "సార్, అందరూ దిగాలి," అన్నాను.

"చీఫ్‌ని నేనెక్కడ దించనమ్మా? లోడ్ నీది, నువ్వే చెప్పు," అని డోనట్ కొరికారు.

రేడియోలో డెనీస్ అడిగింది: "లోడ్, క్లియరా?"

భయమేస్తే నాకు నవ్వొస్తుంది. దాన్ని మింగి బటన్ నొక్కాను. "క్లియర్ కాదు. ఉండాలనుకున్నవాళ్ళు ఉండొచ్చు. ఒక్కొక్కరే మీ బరువు పౌండ్లలో చెప్పండి, అంత ఇసుక దింపించేస్తాను."

అందరి చేతుల్లోని రేడియోల్లోంచీ నా గొంతే వినపడింది. ఉక్కు కాంట్రాక్టర్ తన పొట్టకేసి చూసుకున్నాడు.

"బూట్లతోనా, లేకుండానా?" అని చీఫ్ అడిగారు.

"బూట్లతో, హెల్మెట్‌తో సార్."

ఆయనకి వెంటనే ఏదో ముఖ్యమైన ఫోన్ గుర్తొచ్చి దిగిపోయారు. వెనకే అందరూ. ఆఖర్న శ్రీధర్ గారు నా దగ్గర ఆగి, "నేను కిలోల్లో చెప్తానమ్మా, పౌండ్లలో మరీ ఘోరంగా ఉంటుంది," అన్నారు.

"ఎలా చెప్పినా ఇసుక అంతే దింపాలి సార్. డోనట్లు కూడా తీసుకెళ్ళండి."

అప్పుడు "క్లియర్" అన్నాను. మలుపులో చక్రాలు కీచుమన్నాయి. మూడో అంతస్తు కిటికీలో కాఫీ తాగుతున్న ఒకాయన, బస్తాలతో నిండిన రైలుని చూసి కప్పు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. హెల్మెట్ బస్తా ఆయనకేసి మెల్లగా తల వంచింది. నేను కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. ఇంతలో కింద కొలిచేవాళ్ళు రేడియోలో అంకె చదివారు. లెక్కకి లోపలే! డెనీస్ పొడుగ్గా హారన్ కొట్టి, "అదిగో, మా అమ్మ కిటికీ," అంది.

ఇప్పుడు ఫీల్డ్ పని మానేసి, మోరిస్‌విల్ అనే ఊళ్ళో వంతెనల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఆ ఉదయం నేర్పింది ఇది: బరువు పరీక్షకి ప్లాన్ వేసేటప్పుడు చూడటానికొచ్చేవాళ్ళకీ అందులో చోటుండాలి, అది బండిలో కాకూడదు. ఆ తర్వాత నేను వేసిన ప్రతి ప్లాన్‌లో ఎదురు పేవ్‌మెంట్ మీద ఒక గడి గీసి, డోనట్లు అక్కడ పెట్టించాను. మళ్ళీ ఎవరి బరువూ అడగాల్సి రాలేదు.