కింది పోర్షన్ దేశం తరఫున

మాది ఇంద్రేశంలో కొత్త లేఅవుట్. పైన నేను, నా భర్త, మా అత్తమ్మ ఉంటాం. కింది పోర్షన్‌ను ఆఫ్రికాలోని మలావి దేశం నుంచి వచ్చిన దంపతులకు కిరాయికిచ్చాం. ఆయన పటాన్‌చెరులో ఒక పరిశోధనా కేంద్రంలో వేరుశనగ మీద పనిచేస్తాడు. ఆవిడ నాకంటే కొంచెం పెద్దది, అక్కా అని పిలుస్తాను. వాళ్లొచ్చి చాలా ఏళ్లయింది. ఆదివారం మేం వెళ్లే చర్చికే వస్తారు. అక్క తెలుగు నేర్చుకున్నది మా అత్తమ్మ దగ్గర. కూరగాయల బండివాడు ఆమెను చూసి ఇంగ్లిషు ముక్కలు వెతుక్కునేలోపే, "జెర సూసి తూకమెయ్యి" అంటుంది.

సాయంత్రం నేను పాఠాలు చెప్పే బడి నుంచి రాగానే పక్క ఖాళీ ప్లాటులో ఇద్దరం టెన్నికాయిట్ ఆడేవాళ్లం. వల అవతలి నుంచి వచ్చిన రబ్బరు రింగును ఒంటిచేత్తో పట్టుకుని వెంటనే తిరిగి విసరాలి, అంతే ఆట. బరువు తగ్గమని డాక్టరు చెబితే నేను మొదలుపెట్టాను. అక్కకు గెలవాలన్న జబ్బు తప్ప మరే జబ్బూ లేదు.

సంగారెడ్డిలో జిల్లా పోటీల్లో గెలిచాం. ఆ తర్వాత హైదరాబాదులో కొన్ని దేశాల మధ్య స్నేహపూర్వక పోటీలున్నాయని, భారత జట్టుకు ఎంపిక జరుగుతోందని తెలిసి వెళ్లాం. నన్ను తీసెయ్యడానికి వాళ్లకు ఏ నిబంధనా అవసరం పడలేదు, నా ఆటే సరిపోయింది. అక్క ఆట చూసి మాత్రం ఎంపిక చేసే పెద్దాయన ముచ్చటపడి, ఆధార్ ఉందా అని అడిగాడు. ఉంది. ఇంద్రేశం చిరునామాతోనే ఉంది. ఆయన సంతోషంగా పేరు రాసుకుని, పాస్‌పోర్టు కూడా అడిగాడు. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాక, ఇక్కడ ఎన్నాళ్లున్నా లాభం లేదమ్మా, భారత జట్టులో పౌరులే ఆడాలి అన్నాడు. ఆమె స్థానంలో జోగిపేటలో పుట్టి, చంకలో పిల్లగా ఉన్నప్పుడే దుబాయి వెళ్లిపోయిన అమ్మాయిని తీసుకున్నారు. ఆ అమ్మాయి పాస్‌పోర్టు మనదే.

అక్క కొన్నాళ్లు రింగు ముట్టుకోలేదు. ఒక రోజు నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. పోటీలు పెట్టేవాళ్లతో మాట్లాడిందట. ఆట చిన్నది, వచ్చే దేశాలు తక్కువ, కాబట్టి పౌరులే ఆడాలా, నివాసం ఉన్నవాళ్లూ ఆడొచ్చా అన్నది ఏ దేశపు సంఘానికి ఆ సంఘమే తేల్చుకోవచ్చట. మలావికి టెన్నికాయిట్ సంఘమే లేదు కాబట్టి అక్కే ఒకటి పెట్టేసింది. అధ్యక్షురాలు తను, కార్యదర్శి భర్త. కార్యదర్శి అయిన సంగతి ఆయనకూ నాతోపాటే తెలిసింది.

"జట్టుకు ఇద్దరు కావాలె. నువ్వు మా దేశంల నివాసివి," అంది అక్క.

మలావి ఎట్లుంటుందో కూడా నాకు తెలియదన్నాను.

"కిరాయి మేం కడుతున్నం గదా, కింది పోర్షన్ మా దేశమే. పొద్దుమీకి నువ్వుండేది ఏడ? మా వంటింట్లనే గదా."

నిజానికి ఆమె వండే మక్కజొన్న పిండి ముద్దను వారంలో సగం రోజులు నేనే ఖాళీ చేస్తాను. ఇంకేం వాదించను? పోటీలు పెట్టేవాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఇంకో దేశం దొరకడమే వాళ్లకు పండగ.

నా భర్తకు ఇదంతా భలే నచ్చింది. పటాన్‌చెరులో జెర్సీల మీద పేర్లు వేసే దుకాణదారు మలావి ఎక్కడని అడిగితే, సదాశివపేట దాటాక వస్తుందని నిబ్బరంగా చెప్పాడు. దుకాణదారు తలూపి, తనూ ఒకసారి ఆ దిక్కు పోయానన్నాడు. అత్తమ్మ మాత్రం అలిగింది. మన దేశం మీద మనమే ఆడటమేమిటని ఆమె బాధ. చివరికి పోటీ రోజున కారెక్కుతూ తీర్పు చెప్పింది.

"మన దేశం ఓడొద్దు. మన కిరాయిదారు గూడ ఓడొద్దు. గట్ల ఆడుండ్రి."

మా మొదటి ఆటే భారత్‌తో పడింది. వల దగ్గర దుబాయి అమ్మాయి నాకు చేయి కలిపి, ఇండియా నచ్చిందా అని ఇంగ్లిషులో ఒక్కో మాటా విడదీసి అడిగింది. బాగానే ఉంది, ఎండే కొంచెం ఎక్కువని నేనూ ఇంగ్లిషులోనే చెప్పాను.

ఆట మొదలైంది. అక్క నాకు "ఎన్కకెయ్యి", "ముంగటెయ్యి" అని తెలుగులో చెబుతోంది. విదేశంలో పెరిగిన పిల్లకు ఈ భాష ఎక్కడ తెలుస్తుందని మా ధీమా. కానీ నేను రింగు ఎక్కడ వేయబోతే అక్కడ ఆ అమ్మాయి ముందే నిలబడి ఉండేది. మొదటి సెట్టు పోయింది. అప్పుడు ప్రేక్షకుల్లోంచి ఒక ముసలావిడ, గట్లనే ఆడు బిడ్డా అని ఆ పిల్లను మెచ్చుకోవడం వినిపించింది. జోగిపేట నుంచి వచ్చిన నాయనమ్మ. మా అత్తమ్మ పక్కనే కూర్చుంది, ఇద్దరూ పల్లీలు పంచుకుంటున్నారు. రోజూ ఆ నాయనమ్మతో ఫోన్‌లో మాట్లాడే పిల్లకు మా రహస్యభాష ఇంటిభాషే.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. ఆమె భాషలో నాకొచ్చినవి వంటింటి మాటలే: మ్చెరే అంటే ఉప్పు, మడ్జి అంటే నీళ్లు.

"ఉప్పంటె ముంగట, నీళ్లంటె ఎన్క," అని నా చెవిలో చెప్పింది.

రెండో సెట్టంతా మ్చెరే, మడ్జి అని అరుచుకుంటూ ఆడాం. గెలిచాం. రెఫరీ అది మా దేశపు యుద్ధనాదం అనుకున్నాడో ఏమో, మా వైపు గౌరవంగా చూశాడు. మూడో సెట్టులో నాకు ఆయాసమొచ్చి ఉప్పుకూ నీళ్లకూ తేడా తెలియకుండా పోయింది. ఓడిపోయాం.

చేతులు కలిపేటప్పుడు దుబాయి అమ్మాయి నా చేయి వదలకుండా, ఈసారి తెలుగులో, "ఎండ బగ్గ కొట్టిందా అక్కా?" అంది. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అక్క తల వంచుకుని ఫోన్ చూసుకుంటోంది. ఓడినందుకేమో అనుకున్నాను. కాదు.

"ఇండియాకు తీస్కుంటె గూడ మంచిగనే ఆడేదాన్ని," అంది. "కని పొద్దుగాల ఈ జెర్సీ ఏస్కున్నప్పుడు ఫొటో తీసి మా అమ్మకు పంపిన. ఏడ్చిందంట."

అత్తమ్మ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, మీ అమ్మ ఎట్లుంటదో చూపియ్యమంది. అక్క ఫోన్ అందించింది. చెవులు నీ తీరుగనే ఉన్నయని అత్తమ్మ, కాదు, చెవులు నాన్నవని అక్క, పటాన్‌చెరు వచ్చేదాకా వాదించుకున్నారు.