సీతాఫల్‌మండిలో మా వదిన దిద్దిన బోర్డు

ఈ బ్లాగు మా కోడలిది. ఊళ్ళు తిరిగిన సంగతులన్నీ ఇందులో ఆమే రాస్తుంది. ఈసారి తిరిగింది నేను కాబట్టి చెప్పేదీ నేనే. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆమె టైపు చేస్తోంది. నా మాటలకు మెరుగులు పెట్టనని, అయిపోయాక మొత్తం చదివి వినిపిస్తానని ముందే మాట తీసుకున్నాను. సికింద్రాబాద్ వైపు విందు వంటవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు ఉంటే వినండి.

మొన్న ఎండాకాలంలో నా రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అంతకుముందు ఏడాది పాటు మా మల్కాజ్‌గిరి వీధిలో వాళ్ళు, మా చర్చివాళ్ళు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించారు, నా కోసం ప్రార్థన చేశారు. చూపు వస్తే వాళ్ళందరికీ కడుపునిండా భోజనం పెడతానని మొక్కుకున్నాను. చూపు వచ్చింది. ఆదివారం ఆరాధన కాగానే రెండువందల మందికి విందు అని అందరినీ పిలిచాను. తీరా బుధవారం నాడు, మాట్లాడుకున్న వంటవాడు, చుట్టాల్లో ఎవరో పోయారని, ఊరికి వెళ్ళిపోయాడు. పిలిచిన నోటితో రావద్దని చెప్పడం నా వల్ల కాదు. గురువారం పొద్దున్నే వేరే వంటమనిషి కోసం బయలుదేరాను.

నాతో మా ఆయన అక్క, సలోమి వదిన వచ్చింది. నలభై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసింది. బోర్డు మీద రాత తప్పుగా ఉంటే ఆ దుకాణం గడప తొక్కదు. "రెండు మాటలు సరిగ్గా రాయించలేనివాడు రెండువందల మందికి ఏం వండుతాడే?" అంటుంది. నా వాదన దానికి సరిగ్గా వ్యతిరేకం. తప్పు రాత నెత్తిన పెట్టుకుని కూడా ఒక దుకాణం ఏళ్ళ తరబడి నడుస్తోందంటే, దాన్ని నిలబెట్టింది బోర్డు కాదు, లోపలి చేతిపని. తప్పు ఎక్కడుందో నీకెలా తెలుస్తుందని అడుగుతారేమో. అక్షరాలు తెలియకపోతేనేం, చదివేవాళ్ళ ముఖాలు తెలుస్తాయి. దారినపోయేవాళ్ళు బోర్డు చూసి నవ్వితే నేను అక్కడ ఆగుతాను.

తొమ్మిదింటికి సిటీ బస్సెక్కాం. సికింద్రాబాద్ స్టేషను దగ్గర దిగేదాకా వదిన కిటికీలోంచి బోర్డులకు మార్కులు వేస్తూనే ఉంది. ఒక బట్టల కొట్టు బోర్డు చివర ఆశ్చర్యార్థకాలు మూడున్నాయట. "సరుకు మీద నమ్మకం లేనివాడే అలా అరుస్తాడు" అంది. స్టేషను బయట ఆటో అతను పద్మారావు నగర్‌కు నలభై అడిగాడు.

"మీటరు వెయ్యవా?" అన్నాను.

"మీటర్ ఖరాబైంది అవ్వా."

"మీటరు లేనిదానికి ఆటో ఎందుకు, తోపుడుబండి పెట్టుకో!"

"నీ అసొంటోళ్ళు రోజుకు ఇద్దరెక్కితే గదే పెట్టుకోవాలె. ముప్పై ఇయ్యి, ఎక్కు" అని నవ్వాడు. మీరు కూడా ముప్పైకి మించి ఇవ్వకండి.

పద్మారావు నగర్‌లో రెండు మూడు చోట్ల అడిగాం. ఆదివారం ఖాళీ లేదన్నారు. చివరికి ఒక వీధి మొదట్లో వదిన టక్కున ఆగిపోయింది. నల్లరాతి పలక మీద బంగారు రంగు అక్షరాలు. కామా కామా చోట, చుక్క చుక్క చోట ఉన్నాయని మురిసిపోయింది. యజమాని మర్యాదస్తుడే. ఫ్యాను కింద కూర్చోబెట్టి, విస్తరికి నూట ఇరవై అని చెప్పి, రుచికి కొంచెం సాంబారు, కూర తెప్పించాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు, మెచ్చుకోవడానికీ ఏమీ లేదు. నేను సరేననబోతున్నాను. అప్పుడు వదినే వెనక వాకిట్లోకి తొంగిచూసింది. పనివాళ్ళు నలుగురు ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీలు విప్పుతున్నారు.

"ఏం బాబూ, ఇక్కడ వండింది మీరు తినరా?" అని అడిగింది.

"ఇది పార్టీలకండీ. మేము తినలేం" అన్నాడొకడు, అమాయకంగా.

వదిన సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. నేను నోరు తెరవబోతే, "నువ్వేమీ అనకు మార్తా" అంది. అనలేదు. ఆ రోజు నేను చేసిన కష్టమైన పని అదే.

అక్కడి నుంచి సీతాఫల్‌మండికి ఇరవై రూపాయల ఆటో. ఇరుకు సందుల్లో వాకబు చేసుకుంటూ తిరిగేసరికి రెండున్నర దాటింది. ఒక ఇంటి ముందు ఇద్దరు కాలేజీ పిల్లలు గోడకున్న నల్లబోర్డు చూసి పడీపడీ నవ్వుతున్నారు. నేను ఆగాను. వదిన కళ్ళజోడు సర్దుకుని చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏముందే?"

"'ఎంతమందినైనా రుచిగా వండి పెట్టబడును' అని రాశారే! మనుషులనే వండుతారట!"

అరుగు పట్టుకుని నవ్వాను. "పద లోపలికి" అన్నాను.

వంటామె పేరు యాదమ్మ. పొయ్యిలార్పి పనివాళ్ళతో కలిసి తింటోంది. "మంచిగ అన్నం యాళ్ళకొచ్చిన్రు, కూసోండ్రి" అని, ఎవరు, ఎందుకొచ్చారు అని అడగకుండానే రెండు విస్తళ్ళు వేసింది. బగారా అన్నం, కోడికూర, చిక్కటి పప్పుచారు. మొదటి ముద్దకే నా ఆదివారం గట్టెక్కిందనిపించింది. విస్తరికి తొంభై, ఆదివారం ఖాళీయే. నేను కూర మారు వడ్డించుకుంటుంటే వదిన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళింది.

కాసేపటికి యాదమ్మ ముద్ద చేతిలో పట్టుకుని చెవి రిక్కించింది. "ఏందీ, బయట ఒక్కలు సుత నవ్వుతలేరు?"

నిజమే. జనం నడిచిపోతున్న చప్పుడే తప్ప నవ్వు లేదు. యాదమ్మ ఎంగిలిచేత్తోనే పరుగెత్తింది, వెనకే నేను. వదిన చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ బోర్డు ముందు హాయిగా నిలబడి ఉంది.

"నా బోర్డు ఖరాబ్ జేసినవా టీచరమ్మా?"

"బాగుచేశానమ్మా. ఒక్క అక్షరమే. 'నై' తీసి 'కై' పెట్టాను, ఎంతమందికైనా అని."

"బాగుజేసుడేంది! నవ్వుకుంట నిలవడ్డోళ్ళకు కూర వాసన తగుల్తది. గప్పుడు లోపలికొస్తరు. గా నవ్వే నా గిరాకి! వాన పడి కొట్టుకపోయినప్పుడల్లా మల్ల గట్లనే రాయిస్త. పోండ్రి, మీ ఐతారం వంట నా తోని కాదు."

"వదినా, మళ్ళీ ఎలా ఉందో అలా రాయి" అన్నాను.

"తెలిసి తెలిసి తప్పు రాయమంటావా? నా చేత్తో?"

"నాకు చూపు లేనన్నాళ్ళూ రోజూ నడిచి వచ్చి బైబిలు చదివి వినిపించింది ఎవరు? నేను మొక్కుకున్న విందులో మొదటి విస్తరి నీదే. దాంట్లో అన్నం పెట్టనియ్యి వదినా."

వదిన నా వైపు చూసింది, బోర్డు వైపు చూసింది. కొంగుతో ఆ అక్షరం తుడిచి, సుద్దముక్క తీసి, పిల్లలకు పలక మీద రాసిచ్చినట్టు గుండ్రంగా, నెమ్మదిగా రాసింది. సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు ఆనించి చదివాడు. పగలబడి నవ్వాడు. యాదమ్మ ఎంగిలిచెయ్యి ఎండిపోయిందని చూసుకుని, "ఐతారం పొద్దుగాలనే వస్త. బయానా ఇచ్చి పోండ్రి" అంది. ఐదువందలు చేతిలో పెట్టాం. సీతాఫల్‌మండి స్టేషనులో లోకల్ రైలెక్కితే సికింద్రాబాద్ పక్క స్టేషనే. రైల్లో కొంగుకంటిన సుద్ద దులుపుకుంటూ వదిన అడిగింది: "అక్షరాలు మాత్రం తిన్నగా కుదిరాయి కదూ?"

ఆదివారం మొదటి విస్తరి వదినకే వేశాను. కోడికూర రెండుసార్లు అడిగి వేయించుకుంది. కొత్త కళ్ళతో ఇప్పుడు ప్రతి బోర్డూ తేటగా కనిపిస్తుంది నాకు, కానీ అది పలకాలంటే పక్కన వదిన ఉండాలి. ఆమె లేకపోతే ఆ బంగారు అక్షరాల వాడికే ఆ రోజు మాట ఇచ్చేసేదాన్ని. అయినా నా వాదన నాదే, మార్చుకోను. మీరు మాత్రం వంటవాళ్ళను మాట్లాడుకోవడానికి పొద్దున వెళ్ళకండి. రెండున్నర దాటాక, పనివాళ్ళు అన్నాలకు కూర్చునే వేళ చూసి వెళ్ళండి. వాళ్ళు ఏం తింటున్నారో చూడండి. వాళ్ళ వంటే వాళ్ళు తింటుంటే, మొహమాటపడకుండా మీకూ ఒక విస్తరి వెయ్యమనండి.