ట్యాంకు వెనక

మా బావ ఇంటి మేడెక్కి తూర్పుకి చూస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు తప్ప మరేమీ కనిపించేది కాదు. సిమెంటు కాళ్ళ మీద నిలబడ్డ గుండ్రటి ట్యాంకు. ఒకప్పుడు తెల్లరంగు వేసినట్టున్నారు. నేను చూసేనాటికి నాచు పట్టి నల్లబడింది. దాని గురించి చెప్పకుండా మా బావ గురించి చెప్పలేను.

బావ లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో పాత భవనాల లిఫ్టులు చాలావరకు ఆయన చేతి మీదే నడిచేవి. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో గ్రీజు, చొక్కా జేబులో టెస్టర్. మాటలు తక్కువ. "రోజంతా లిఫ్టు గోతిలో నిలబడి పైకి చూసేవాడికి మాటలెక్కణ్ణుంచి వస్తాయిరా" అనేది మా అక్క.

అక్క నర్సు. కొండల మీది ఊళ్ళ నుంచి ప్రాణం మీదికొచ్చిన రోగుల్ని దూరాన ఉన్న పెద్దాసుపత్రికి చేర్చే చిన్న విమానంలో ఆమె డ్యూటీ. రోగిని దింపేశాక పైలటూ ఆమే ఖాళీ విమానంలో తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళ ఇల్లు విమానాశ్రయం ప్రహరీ వెనక సందులో. విమానం దిగిందంటే వెనక గేటు దాటి నడిచొచ్చేసేది. వచ్చాక స్నానం చేయనిదే ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకునేది కాదు. ఎప్పుడొస్తుందో తెలియక బావ నీళ్ళు కాచేవాడు, అవి చల్లారిపోయేవి, మళ్ళీ కాచేవాడు. ఆ అవస్థ పడలేకే విమానాల్ని వినే రేడియో పెట్టానని చెప్పేవాడు.

అదేమీ పెద్ద యంత్రం కాదు. కంప్యూటర్లో టీవీ చూడ్డానికని అమ్మే బొటనవేలంత పరికరం, చవకది. ఎగిరే విమానాలు తామెవరో, ఎక్కడున్నాయో, ఎంత ఎత్తులో పోతున్నాయో రేడియోలో పదేపదే చెప్పుకుంటూ పోతాయట. వినదలిస్తే ఎవరైనా వినొచ్చట. బావ రాగితీగ ముక్కల్ని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, పైన మూత బిగించి, మేడ మీద ఇనపకర్రకి కట్టాడు, అదే అంటెన్నా. వైరు కిటికీలోంచి వంటింటి పక్క గదిలోకి దిగింది. అక్కడ పాత కంప్యూటర్, తెర మీద ఊరి పటం, పటం మీద పాకే పసుపు చుక్కలు. ఒక్కో చుక్కకి పోయే దిక్కు చూపే చిన్న ముక్కు, పక్కన ఆ విమానం నంబరు. అక్క విమానం నంబరు నాకిప్పటికీ నోటికొచ్చు.

"పెళ్ళాం మీద నిఘా పెట్టిన మొగుళ్ళ గురించి విన్నాను గానీ, మేడ మీద కర్ర పాతి మరీ పెట్టినాయన్ని మిమ్మల్నే చూస్తున్నా," అంది అక్క మొదటిసారి అది చూసి.

"నీ మీద కాదు, నీళ్ళ మీద," అన్నాడు బావ.

చిక్కల్లా ట్యాంకుతోనే. రేడియో తరంగాలు దాన్ని దాటి రాలేవు. అంటెన్నాకి మరీ దగ్గరగా ఉండటంతో దాని నీడ తెర మీద తూర్పంతా విసనకర్రలా విచ్చుకునేది. కొండల నుంచి వచ్చే దారి సరిగ్గా ఆ నీడకి అడ్డంగా పడింది. అక్క విమానం నీడ అంచుదాకా వచ్చి, బూడిదరంగుకి మారి, అక్కడే ఆగిపోయేది. కాసేపటికి ఇవతలి అంచున మళ్ళీ పసుపు రంగులో తేలేది.

"మింగింది," అనేవాడు బావ.

"కక్కుతుందిలే," అనేవాణ్ణి నేను.

అది మా ఇంటి మాటైపోయింది. చుక్క తేలగానే బావ లేచి స్టవ్ మీద నీళ్ళగిన్నె పెట్టేవాడు. అవి కాగేసరికి గేటు చప్పుడయ్యేది.

"నీళ్ళు పెట్టారా?"

"నువ్వు ట్యాంకు దాటినప్పుడే పెట్టా."

"ఆకాశంలో ఉన్నదాన్ని పట్టుకుంటారు. వారం నుంచి కారుతున్న ఈ కుళాయి మాత్రం మీ కంటికి ఆనదు."

బావ నవ్వి పానా కోసం వెతికేవాడు, కుళాయి మాత్రం కారుతూనే ఉండేది. కర్ర ఇంకాస్త పొడుగు చేస్తే అంటెన్నా ట్యాంకు నెత్తి మీంచి చూస్తుంది కదా అన్నాను ఒకసారి. అందుకని తెచ్చిన ఇనప గొట్టం అప్పటికే మెట్ల మీద పడి ఉంది. "చేద్దాంలే. తొందరేముంది, వచ్చేది వస్తూనే ఉందిగా," అన్నాడు.

ఆ రోజు మబ్బు పట్టిన మధ్యాహ్నం. చలిగాలి కొడుతోంది. నేను అక్కడే ఉన్నాను. చుక్క నీడ అంచుకి వచ్చి బూడిదరంగుకి మారింది. "మింగింది," అన్నాడు బావ. చలిగా ఉంది కదా అని, ఆ ఒక్కరోజు చుక్క తేలకముందే నీళ్ళు పెట్టేశాడు.

చుక్క తేలలేదు. ఎదురుగాలి ఉందేమో అనుకున్నాం. దిగడానికి చోటు లేక చుట్టు తిరిగొస్తోందేమో అనుకున్నాం. వేరే ఎవరైనా అయితే ఖాళీ తెర చూసి హడలిపోయేవారు. మాకు ఆ ఖాళీ అలవాటే. రోజూ చూసే ఖాళీ, రోజూ తిరిగిచ్చే ఖాళీ. ట్యాంకే అనుకుని ఇద్దరం కుర్చీల్లో అలాగే కూర్చున్నాం. వంటింట్లో నీళ్ళు మరిగి, ఇగిరిపోయి, గిన్నె మాడిన వాసన వచ్చింది. బావ స్టవ్ కట్టడానికి లేచినప్పుడే తలుపు చప్పుడైంది. వెనక గేటు కాపలాదారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

విమానం కూలిందని విమానాశ్రయంలో వాళ్ళకి మాకంటే ముందే తెలుసు. మేం కంగారుపడినా, పడకపోయినా ఒరిగేదేమీ లేదని అందరూ చెప్పారు, బావ తలూపాడు. అక్కని ఉంచిన పెట్టె మూత తీయొద్దన్నారు. చూడకపోవడమే మంచిదన్నారు. ఆయన చూడలేదు.

ఆ సాయంత్రం విమానాశ్రయం నుంచి ఇంటికి రాగానే బావ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వినిపించని విమానం గుర్తుని కాసేపు ఉంచి తర్వాత తుడిచేయడం ఆ సాఫ్ట్‌వేర్ పని. నీడ దాటేదాకా ఆగాలని బావ ఆ గడువుని ముందే ఒక పూటకి పెంచి ఉంచాడు. ఇప్పుడు గడువే లేకుండా చేశాడు. కరెంటు పోతే చుక్క పోతుందని, లిఫ్టులో దీపానికి వాడే బ్యాటరీ తెచ్చి తగిలించాడు.

ఆ తర్వాత ఆ గదిలోకి వెళ్ళడమంటే నాకు భయంగా ఉండేది. ఊరి మీంచి వెళ్ళిన ప్రతి విమానమూ పటం అంచున తన బూడిద గుర్తు వదిలి పోయేది. కొన్ని మళ్ళీ వచ్చి పసుపు తిరిగేవి, చాలావరకు రాలేదు. తెర చుట్టూ బూజు పట్టినట్టు పేరుకుపోయాయి. అన్నిటికీ దూరంగా, నీడ అంచున, ఒక్కటి. ముక్కు ఇంటివైపు.

గొట్టం ఇంకా మెట్ల మీదే ఉంది. "కర్ర నేను పెంచుతాలే బావా," అన్నాను.

"వద్దు."

"ఏం?"

బావ మెట్ల మీది గొట్టాన్ని కాలితో గోడవారకి జరిపాడు. "ట్యాంకు ఉన్నంతసేపు మీ అక్క దాని వెనకుందిరా. అది దాటి చూశామనుకో, అక్కడేమీ లేకపోతే?"

గొట్టం జోలికి నేను మళ్ళీ పోలేదు.

ఆ ట్యాంకు పక్కింట్లో లాండ్రీ నడిపే ఆవిడది. కింద లాండ్రీ, మేడ మీద బట్టలారేసే తీగలు, వాటి పైన ట్యాంకు. ఎప్పుడో వాడటం మానేశారు. పెచ్చులూడుతోంది, పడగొట్టిస్తానని ఆవిడ అన్న రోజు బావ సిమెంటు బస్తా భుజాన వేసుకుని వాళ్ళ మేడెక్కాడు. తన లిఫ్టు తాళ్ళే నడుముకి కట్టుకుని, ఒక్కడే కూర్చుని, పగుళ్ళన్నీ పూడ్చాడు. కింద నుంచి ఆవిడ నోరు ఊరుకోలేదు.

"ఏమయ్యా మెకానిక్కూ, చుక్క నీళ్ళు పట్టని ట్యాంకుకి ఈ మేకప్పేంటి? పెళ్ళి చూపులకి పంపుతావా?"

"ఉండనీ అమ్మా. నీకేం అడ్డం?"

"నాకు కాదు, సూర్యుడికి అడ్డం. బట్టలారి చావట్లేదు."

అన్నదే గానీ ఊరుకుంది. అక్క యూనిఫారాలు ఇస్త్రీ చేసేది ఆవిడే. ఒక జత అప్పటికీ ఆ కొట్టు అరలో మడతపెట్టి ఉండేది. ఇవ్వడానికి ఆవిడకీ చేతులు రాలేదు, తెచ్చుకోవడానికి ఈయనకీ కాళ్ళు రాలేదు.

ఆ వానాకాలం ట్యాంకు అడుగు నుంచి గుమ్మమంత పెచ్చు ఊడిపడింది. ఆవిడ కోడలు తడిసిన దుప్పట్లు తీస్తూ దాని కిందే ఉంది. పెచ్చు ఆ పిల్ల భుజాన్ని రాసుకుంటూ పోయింది, అంతే. ఈసారి లాండ్రీ ఆవిడ అరవలేదు. సిమెంటు దుమ్ము పడ్డ దుప్పటి తెచ్చి బావ గుమ్మంలో పరిచింది.

"ఆ పెచ్చు నా కోడలి నెత్తిన పడాల్సింది, నాయనా," అంది.

బావ ఆ దుప్పటి వంక చూసి, చొక్కా వేసుకున్నాడు. లిఫ్టు మోటార్లు ఎత్తే గొలుసు కప్పీ తీసుకుని ఆవిడ వెనకే వెళ్ళాడు. ట్యాంకుని తనే ముక్కలుగా కోసి ఒక్కొక్కటీ కిందికి దించాడు. తను పూసిన సిమెంటు దగ్గర ఉలి మొండికేస్తుంటే ఇంకా గట్టిగా కొట్టాడు. కూలివాళ్ళు సాయం పడతామంటే వద్దన్నాడు. ఆ కొత్త వెలుతురుకి ఎదురుగా నిలబడి ఆయన కళ్ళు చికిలించడం నాకు గుర్తు.

ఆ రోజు నుంచి విమానాలు తూర్పున దేని వెనకా దాక్కోకుండా వచ్చి పోయేవి. నీడ ఉన్నచోట పొలాలూ, ఒక కాలవా, రోడ్డూ. అంతే. అక్క చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది, ఇప్పుడు దాని ముందు ఏ అడ్డమూ లేదు. బావ దాన్ని తుడవలేదు.

కొన్ని నెలలు పోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం ఆ గదిలో ఉన్నాం. నేను పేపర్ చదువుతున్నాను. బావ కుర్చీ కిర్రుమంది. తలెత్తాను.

బూడిద చుక్క పసుపయింది.

అది మాకేసి కదులుతోంది. పక్కన అదే నంబరు. ఆగినచోటి నుంచి ఇప్పుడున్నచోటి దాకా సాఫ్ట్‌వేర్ ఒక గీత కూడా గీసింది, మధ్యలో ఏమీ జరగనట్టు.

"బావా..."

"కొత్త విమానం కొన్నార్రా. పాత నంబరే మళ్ళీ దీనికి ఇచ్చినట్టున్నారు," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. గొంతు మామూలుగానే ఉంది. "ఇస్తారు. పేరు మాసిపోకూడదని అడిగి తీసుకుంటారు కొందరు."

ఆ మాట అన్నవాడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అడుగు నల్లబడ్డ ఆ గిన్నెనే తీశాడు. నీళ్ళు పట్టి స్టవ్ మీద పెట్టి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. చుక్క నీడ ఉండిన చోటంతా తిన్నగా దాటి, ఊరి మీదికి వచ్చింది. మేడ మీదుగా ఇంజను చప్పుడు వినిపించింది. పటం మీద రన్‌వే కొసన చుక్క నెమ్మదించి ఆగింది. మేం గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించలేదని నేను చెప్పలేను.

నీళ్ళు కాగాయి. బావ స్టవ్ కట్టేసి, బకెట్లో పోసుకుని, స్నానానికి వెళ్ళాడు. లోపల చాలాసేపు నీళ్ళ చప్పుడైంది.

తల తుడుచుకోకుండానే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, గడువుని ఒక నిమిషానికి మార్చాడు. పటం అంచున పేరుకున్న గుర్తులన్నీ ఒక్కసారిగా పోయాయి. రన్‌వే మీది చుక్క ఒక్కటే మిగిలింది, దిగిన విమానం తన రేడియో కట్టేసింది అప్పుడే కాబట్టి. బూడిదరంగుకి తిరిగి, కాసేపు అలా ఉంది. బావ జుట్టు నుంచి నీళ్ళు కీబోర్డు మీద పడుతున్నాయి. తువ్వాలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండరా. దిగింది. చూడనీ," అన్నాడు.

మర్నాడు లాండ్రీకి వెళ్ళి అక్క యూనిఫారాలు తెచ్చుకున్నాడట. నిరుడు ఆయన పోయినప్పుడు నాతో ఈ మాట చెప్పింది లాండ్రీ ఆవిడే.