కొంగు మీది ఎనిమిదో వరస

ధర్మవరంలో పుట్టి, పట్టుచీర కొంగు మీద పచ్చి అబద్ధం నేయించిన మొదటి మనిషిని నేనే. అదీ బంగారు జరీతో, అదీ కన్నతండ్రి చేత. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, వినండి.

డిగ్రీ చివరి ఏడాదిలో నాకు లెక్కల పిచ్చి తలకెక్కింది. ఒకటితోనూ, తనతోనూ తప్ప ఇంక దేంతోనూ భాగం పోని ప్రధాన సంఖ్యలంటే అన్నం మానేసి కూర్చునేదాన్ని. 31 అలాంటిదే. ముందొక మూడు చేర్చండి, 331 కూడా అంతే. 3331, 33331, ఇలా మూళ్ళు చేర్చుకుంటూ ఏడు వరసలు లెక్క చూశాను, అన్నీ ప్రధానాలే. ఒకదాని కింద ఒకటి రాస్తే అచ్చం గోపురమే. హిందూపురంలో కాలేజీల లెక్కల ప్రదర్శన పోటీ ఉందనగానే, అందరూ అట్టల మీద తెస్తారు, నేను చీర మీద తెస్తానన్నాను.

నాయన నెల రోజులు మగ్గం దిగలేదు. ఏడు వరసలయ్యాక కొంగులో బెత్తెడు ఖాళీ మిగిలింది, ఇంకొకటి చెప్పమన్నాడు. 33,33,33,331 అని చెప్పేశాను.

"ఇది గూడా లెక్క చూసినావా తల్లీ?"

"ఏడు అట్ల వచ్చినంక ఎనిమిదోది యాడికి పోతాది నాయనా?"

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. నేను ఏడు మెతుకులు పట్టి చూసినదాన్ని, ఎనిమిదోది రాయి అవుతుందని ఎలా అనుకుంటాను?

పోటీకి నాయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రైలు పెనుకొండ దాటేలోపు సగం బోగీకి ఆ కొంగు పరిచి చూపించాను. పోటీలో తీర్పు చెప్పడానికి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు వరసల మీద వేలు జరుపుతూ వచ్చి, ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాడు.

"పదిహేడుతో భాగించి చూడమ్మాయ్."

భాగం పోయే ప్రసక్తే లేదని ఠీవిగా బోర్డు దగ్గరికి నడిచాను. ఒక్కో అంకె దించుకుంటూ పోతే 1,96,07,843 సార్లు పోయి, శేషం సున్నా వచ్చింది. హాలంతా నవ్వింది. నా పరువు సంగతి సరే, ముప్పై ఏళ్ళలో మా నాయన నేతలో తప్పుందని ఎవరూ అనలేదు. తప్పున్న చీర ఇక ఎవరు కడతారు? ఆయన ముఖం చూడలేక బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను, ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక బెంచీలోంచి నాయన లేచాడు.

"అది తప్పు గాదు సార్. ఏడు వరసలు అంత సక్కంగా కుదిరినాయి గదా. దిష్టిచుక్క పెట్టకుండా బయటికి ఎట్ల పంపేది?"

మాస్టారు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. ఏడు చూసి ఎనిమిదోది నమ్మకూడదని ఇంత బాగా చెప్పిన పాఠం ఇంకోటి రాలేదని, మొదటి బహుమతి మాకే ఇచ్చాడు. దిష్టిచుక్కతో సహా అలాంటి చీరే కావాలని ముగ్గురు లెక్చరర్లు నాయన్ని చుట్టుకున్నారు. తిరుగు రైల్లో నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఆ రోజే గట్టి ప్రతిజ్ఞ చేశాను: భాగించి చూడకుండా ఏ సంఖ్యనూ ప్రధానమని నమ్మను. ఇప్పటికీ మా ఆయన కాఫీలో రెండు చెంచాల చక్కెర అడిగితే, ఆ రెండు సంగతి తేల్చుకున్నాకే వేస్తాను.